బాపు చేతికర్ర

బాపూ,

ఇయ్యాల నీ సంవత్సరీకం. నీకిష్టమని అన్న మటన్ వండిపిచ్చిండు. అందరు తిని పోయినంక అవ్వ, "కండ్లు మసకైనయ్ కొడుకా, జర దవాఖానకు తీస్కపో" అన్నది. అన్న బూట్లేసుకుంట, "నాకు డ్యూటీ ఉన్నది. నువ్వు సుత బాపు లెక్క నాటకం షురూ జేసినవా?" అన్నడు.

నీది నాటకమే. మిలిట్రీల ఉన్నప్పుడు పాకిస్తాన్ యుద్ధంల నీ గురి ఒక్కసారి సుత తప్పలేదని మురిసేటోనివి. తర్వాత బొగ్గుబాయిల పనికి కుదిరినవు. ఆడ తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కు నౌకరిస్తరని, డాక్టర్ల ముందట కండ్లు కనవడ్తలేవన్నవు. ఆనాటి సంది నల్లద్దాలు పెట్టుకొని, కట్టె పట్టుకొని కాలనీల తడుముకుంట తిరిగినవు. పేపర్ సుత తలుపేసుకొనే చదివినవు. అన్న నౌకరి పోతదేమోనన్న ఫికర్‌తోని సచ్చేదాక గట్లనే బతికినవు.

అవ్వ తలుపెనక నీ కట్టెను తడిమి తీసుకున్నది. అత్తగారింటి నుంచొచ్చిన నేను ఆమె చెయ్యి పట్టుకొని దవాఖాన తొవ్వ పట్టిన. చౌరస్తాల పక్కింటి మల్లయ్య కాక ఎదురొచ్చి, "కొడుకు రాలేదా వదినా?" అని అడిగిండు.

"వస్తనన్నడు. డ్యూటీ ఖరాబైతదని నేనే వద్దన్న" అన్నది అవ్వ.

నీ కట్టె పట్టుకొని, అచ్చం నీ లెక్కనే వాని కోసం అబద్ధమాడింది. ఆ అబద్ధం నాతోనైతే గాదు బాపూ.