పేర్లు చెక్కిన కంచం

భేస్తాన్, సూరత్.

కోమలీ, నీకూ పాపకూ అత్త రాజమ్మ దీవెనలు.

రవీంద్రది టీబీ కాదట. ఆరు నెలలు గోలీలు మింగినా దగ్గు తగ్గలేదని తెమడ మళ్లీ పరీక్షకు పంపారు. ఇది నీళ్లలో, మట్టిలో ఉండే వేరే పురుగట, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది. పరిశోధనకని మన నల్లా నీళ్లు, పక్కింటి బర్రె పాలు కూడా సీసాల్లో పట్టుకుపోయారు.

కరోనాలో ఇదొకటా అని భయపడి నిన్ను పుట్టింటికి పంపింది నేనే. మీ ఇద్దరి పేర్లు చెక్కిన పెళ్లి కంచం వాడికని వేరు పెట్టిందీ నేనే. “అమ్మా, గా కంచం మీద కోమలి పేరు గూడ ఉన్నది గదనే, ఆమె ఏం జేసింది?” అన్నాడు వాడు.

పాపకు దగ్గు గిట్ల లేదు కదా? రవీంద్ర ఈ కొత్త మందులు ఏడాది దాటి వాడాలట. ఎండుమిర్చి తీసుకుని తొందరగా రా. కంచం తోమి మన కంచాల్లో కలిపాను.

మీ అమ్మానాన్నలకు దండాలు.