ఒక్క దెబ్బకు ఆగాలి

గోదావరిఖని,
ఆదివారం.

మా స్వరూప వాళ్ళమ్మకు,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కలం తీశాను, మళ్ళీ జేబులో పెట్టాను, కోళ్ళకు నూకలు చల్లి వచ్చి మళ్ళీ తీశాను. ఫోనుండగా కాగితమెందుకు తాతా అని పోస్టాఫీసులో పిల్ల కూడా నవ్వింది. ఇక్కడ నేను, నీ కోళ్ళు, గోడమీది సొరతీగ బాగానే ఉన్నాం. కొత్తగూడెంలో నువ్వు, బాలింత స్వరూప, పసిగుడ్డు, అల్లుడు మాకంటే బాగుండాలి. స్వరూపా, ఇది అమ్మకు చదివి వినిపించేది నువ్వే కదా, తొందరపడకు. మధ్యలో అమ్మ తిట్టడం మొదలుపెడితే ఆపు. తిట్టడం అయిపోయాక చదువు.

నువ్వు ఉత్తరంలో రాయించి అడిగినవాటికి జవాబులు. అన్నం వేళకే తింటున్నాను, కూరే వేళ తప్పుతోంది. తెల్లకోడి పొదిగింది. వెనక లైను ఐలవ్వ బర్రె ఈనింది, ఆడ దుడ్డె. తల్లిని మించిన పొగరు దానికి.

'ఇంకా లుంగీతోనే ట్రాక్టరెక్కుతున్నవా' అని అడిగావు. లేదు. పాత డ్యూటీ ప్యాంటు తొడిగి, బెల్టు బిగించి ఎక్కుతున్నాను. మెకానిక్ ఫరీద్ తన ట్రాక్టరు వెనక గడ్డి కోసే మిషను తగిలించి కాలనీ గ్రౌండు, బడి ఆవరణ కోసే పని పట్టినప్పటి నుంచి నీకు ఆ మిషనును తిప్పే ఇనుప కడ్డీ అంటేనే భయం. భయపడాల్సిందే. గుడ్డ కొస అందితే చాలు, మనిషినే చుట్టేసుకుంటుంది. అందుకే ఫరీద్ దానికి రేకు తొడుగు చేయించాడు. ఆ తొడుగు బిగించకుండా బండి షెడ్డు దాటదు. మెకానిక్కులు ఊళ్ళో బండ్లన్నీ బాగుచేసి సొంత బండిని గాలికి వదిలేస్తారంటారు గానీ ఫరీద్ ఆ జాతి కాదు.

తొడుగంటే గుర్తొచ్చింది, నీ తమ్ముడు ఎల్లేశం వచ్చి వెళ్ళాడు. మడ్గార్డు మీద ఎవరూ కూర్చోకూడదని మా కట్టుబాటు. చక్రం గుంతలో పడిందంటే కూర్చున్నవాడు జారి ఆ చక్రం కిందికే వస్తాడు. చెప్పినా వినని పెద్దమనుషుల కోసం ఫరీద్ అక్కడ తుమ్మకంప కట్టి ఉంచాడు. ఎల్లేశం దాన్ని చూసి, "బావా, గిదేంది? ట్రాక్టరుకు గూడ కంచె గట్టిన్రా?" అని నవ్వి, కంపను చేత్తో పక్కకు జరిపి ఎక్కి కూర్చున్నాడు. కంప జరిగింది గానీ ముల్లు జరగలేదు. ఆ పూట అన్నం నిలబడే తిన్నాడు. ఫరీద్ ఊరుకోడు కదా, అన్నం మధ్యలో వచ్చి, "ఎల్లేశం సాబ్, కుర్చీ ఎయ్యాల్నా?" అన్నాడు. నీకు చెప్పొద్దని ఎల్లేశం ఒట్టు పెట్టించుకున్నాడు. నోటితో చెప్పనని ఒట్టు, రాయనని కాదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. 'ఒక్క సిగ్నల్ తప్పిన్నాడు నేనే దిగుత అంటివి. తప్పిందా, తప్పలేదా? నిజం చెప్పు.' బస్సు దగ్గర నీ చేతిలో చెయ్యి వేసి ఆ మాట అన్నది నేనే. దానికి కొంచెం చుట్టు తిరిగి వస్తాను. తిన్నగా వచ్చే అలవాటు నాకు లేదని నీకు తెలుసు.

ఆ ట్రాక్టరు సీటంటే నాకెందుకంత పిచ్చో నీకు ఎన్నడూ సరిగ్గా చెప్పలేదు. గనిలో తొట్లను తాడుతో లాగే హాలేజీ తిప్పేవాడు ఇంజను దగ్గర కూర్చుంటాడు. తాడు చీకట్లోకి పోతుంది. ఆ కొసన బొగ్గు తొట్లున్నాయో మనుషులున్నారో కనిపించదు. కింద నుంచి గంట వస్తుంది, అంతే. ఒక్క దెబ్బకు ఆగాలి, రెండు దెబ్బలకు కదలాలి. నాది చెవితో చేసిన ఉద్యోగం. రిటైరయ్యాక నన్ను ఏ గంటా పిలవలేదు. పొద్దంతా టీవీ చూసి, అందులో మనుషులు ఎందుకు ఏడుస్తున్నారో నిన్ను అడిగేవాణ్ణి.

ఫరీద్ నన్ను ట్రాక్టరెక్కించాక గ్రౌండులో వాలీబాల్ స్తంభానికి పాత రైలుపట్టా ముక్క వేలాడదీశాడు. మిషను మోతలో కేక వినిపించదు. అందుకని ఒక మనిషి అక్కడ నిలబడి వెనకా ముందూ కాపు కాస్తూ, మా గని లెక్కనే దాన్ని కొట్టాలి. కొట్టేది ఫరీద్ కూతురు మహెజబీన్. డిప్లొమా చదివిన పిల్ల, నాకంటే బాగా ట్రాక్టరు నడుపుతుంది, లైసెన్సు కూడా ఉంది. అయినా సీటు నాకు వదిలి తను స్తంభం దగ్గర నిలబడేది. ఆ దెబ్బ ఠంగున మోగినప్పుడల్లా నా ఒళ్ళు మళ్ళీ డ్యూటీలోకి వచ్చినట్టుండేది.

ఇప్పుడు చెబుతాను. మొన్న మంగళవారం తప్పింది.

మబ్బు పట్టింది. కోసిన గడ్డి తడిస్తే బర్రె ముట్టదని ఐలవ్వ ఆగలేక మిషను వెనకే వంగి మోపు కడుతోంది. మిషను ఆగేదాకా గ్రౌండులోకి రావద్దని ఆమెకు చెప్పే ఉన్నాం. నేనూ తక్కువ తినలేదు. గోడమూల కోసి బండిని వెనక్కి తీస్తూ, ఇంత దూరానికేముందిలే అని కత్తులు తిరగడం ఆపలేదు. మహెజబీన్ ఒక్క దెబ్బ కొట్టింది. నాకు వినిపించలేదు. ఆగి మళ్ళీ ఒక్కటి కొట్టింది. వినిపించలేదు. అప్పుడు పరుగెత్తుకొచ్చి కాలి చెప్పు తీసి నా వీపు మీదికి విసిరింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నువ్వు కూడా చెయ్యని పని. కోపంతో తిరిగి చూశాను. చూశాను కాబట్టి క్లచ్చు తొక్కాను.

ఐలవ్వ పక్కకు దొర్లింది. ఆమె మోపు మిషను కిందికి పోయి, గడ్డంతా ఎగిరి ఆమె నెత్తిన పడింది. చీర కొంగుకు గాటు పడింది గానీ ఒంటికి గీత కూడా తగల్లేదు. భయపడకు, స్వరూపా, ఆ మాట అమ్మకు ఇంకోసారి చదువు.

బండి ఆపి దిగాను. ఐలవ్వ లేచి నెత్తిమీది గడ్డి దులుపుకుంటూ, "ఓ రాయమల్లన్నా, నన్ను గూడ కోసి నా బర్రెకే ఏద్దామనుకున్నవా?" అంది. అని నవ్వబోయి ఏడ్చింది.

"చాచా, ఎన్నిసార్లు కొట్టాలె? వినొస్తలేదా?" అంది మహెజబీన్.

"ఇంజను మోత ఎక్కువున్నదమ్మా" అన్నాను.

ఫరీద్ షెడ్డు దగ్గర నుంచి నడిచొచ్చాడు. గొంతు పెంచకుండా, "మోత నాకు గూడ ఉన్నది గదన్నా. నేను షెడ్డు కాడున్న. నాకు రెండుసార్లు వినొచ్చింది" అన్నాడు.



మర్నాడు ఫరీద్ నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు ఏవో తగిలించారు. కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది సగం ఉంది. చెవికి మిషను పెట్టుకుంటే మాటలు అందుతాయి గానీ ట్రాక్టరు మోతలో దాన్ని నమ్ముకోవద్దన్నాడు డాక్టరు. నీ ఫోను ఎత్తకపోవడానికి టవరు, చార్జింగు అని చెప్పినవన్నీ అబద్ధాలు. నువ్వు చెప్పేది అందక, అందనట్టు నీకు తెలియకూడదని ఎత్తలేదు. అయినా నేను ఎవరి దగ్గర దాస్తున్నానో చూడు. చాన్నాళ్ళ నుంచి నువ్వు నా ఎడమ పక్కనే పీట వేసుకుంటున్నావు. పోయినసారి బస్సులో కూడా నన్ను లేపి సీటు మార్పించావు. గాలి కోసమనుకున్నాను.

తాళంచెవి మహెజబీన్ చేతిలో పెట్టాను. "నారాజైనవా చాచా?" అంది. "అయిన. పొద్దుగూకేటాలకు తక్కువైతదిలే" అన్నాను. నిజానికి రెండు రోజులు పట్టింది. ఇక ఇంటికి పోదామని లేస్తే ఫరీద్, "యాడికన్నా? గంట గొట్టెటోనికి చెవులెందుకు, కండ్లుంటే సాలు" అని నన్ను స్తంభం దగ్గర నిలబెట్టాడు. కళ్ళకు నాకింకా అద్దాలైనా లేవు.

మూడు రోజులుగా అదే నా డ్యూటీ. బాగుంది. ఇది అబద్ధం కాదు. ఐలవ్వ గోడమీద కూర్చుంటుంది. కత్తులు ఆగి, మహెజబీన్ తాళం తీసి జేబులో వేసుకున్నాకే దిగుతుంది. అంతదాకా నన్ను తిడుతూనే ఉంటుంది, ఎడమ పక్కనుంచి. నిలబడే పని కాబట్టి మోకాళ్ళు పీకుతున్నాయి. నువ్వుల నూనె డబ్బా ఎక్కడ పెట్టావో రాయించు.

నువ్వు తొందరపడి రావద్దు. బిడ్డకు మెడ నిలిచాకే రా. అల్లుణ్ణి నైట్ షిఫ్టు చేసొచ్చి బండి నడపవద్దని నా మాటగా చెప్పు.

ఈ పొద్దున బడి ఆవరణ కోశాం. సగం అయ్యాక పిల్లలు మరిచిపోయిన క్రికెట్ వికెట్ పుల్ల ఒకటి గడ్డిలో కనిపించింది. ఒక్క దెబ్బ కొట్టాను. మహెజబీన్ ఆపింది. పుల్ల తీసి గోడకు ఆనించి వచ్చాను. రెండు కొట్టాను. ఆమె బండి కదిలించింది.

ఇట్లు,
స్వరూప బాపు
రాయమల్లు