పలుచగా నాటిన మడి

బాన్సువాడ,
24 జూలై 2005, ఆదివారం.

అన్నకు,

చెల్లెలు సుచరిత నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నిజానికి అందరం బాగా అలిసిపోయి ఉన్నాం. నీకు నిజామాబాద్ ఆఫీసులో పని అలవాటైందని, వేళకు తింటున్నావని తలుస్తాను.

ఈ రోజు లేస్తూనే ఒక వింత చూశాం. కొత్త పద్ధతి ప్రకారం మనం ఒక్కొక్క మొక్క చొప్పున నాటిన రోడ్డు పక్క మడి తెల్లారేసరికి నిండిపోయింది. పండరి పటేల్ ఇంటి నుంచి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. కానీ పటేల్ భార్య సావిత్రమ్మ పక్కనే పీట వేసుకొని వింటుంది. అందుకే ఈ ఉత్తరం.

రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక నాయన పటేల్ మోటరు దగ్గరే పడుకున్నాడు. పొద్దున అక్కడి నుంచి మడికి పోయి, ఇంటికొచ్చి, గడప మీద కూర్చున్నాడు. చెప్పులు కూడా విప్పలేదు. ఏమైందని అడిగితే మడి నిండిందన్నాడు. ఈ పద్ధతికి నీళ్లు నిలవకూడదు కదా, ఎంత నిలిచాయోనని నేను భయపడ్డాను. "నీళ్లు గాదు బిడ్డా, నారు" అన్నాడు.

పోయి చూశాను. మన మొక్కలు రెండాకులవి, గట్టిగా గాలి వస్తే పడిపోతాయేమో అనిపించేటంత లేతవి. వాటి నడుమ ఉన్న ఖాళీలన్నిటిలో ఎవరో ముదురు నారు నాటిపెట్టారు, మూడేసి నాలుగేసి పోచలు కలిపి, వరుస తప్పకుండా. రోడ్డు మీద నిలబడి చూస్తే అంత మంచి మడి ఈ చుట్టుపక్కల లేదు. లోపలి మడిని మాత్రం ఎవరూ ముట్టలేదు. అది మనం నాటినట్టే పలుచగా ఉంది.

నువ్వు పోయిన తరువాత జరిగినవి కొన్ని నీకు తెలియవు. మన మడి దాకా కాలువ నీళ్లు రాక రెండు వానకాలాలు బీడు పెట్టాం కదా. ఈసారి కూడా పంట కనిపించకపోతే కౌలు వర్ని వైపు ఆంధ్ర రైతుల క్యాంపు నుంచి వచ్చే వెంకట్రావుకు ఇస్తానని పటేల్ నాయనకు చెప్పాడట. వెంకట్రావు చాలా రోజులుగా అడుగుతున్నాడట. అందుకే నువ్వు తెచ్చిన శ్రీ వరి కాగితాన్ని నాయన అంత నమ్ముకున్నాడు. తక్కువ విత్తనం, తక్కువ నీళ్లు అని ఉంది కదా. ఈ కౌలు పోతే మద్నూర్ దాటి మహారాష్ట్రలో చెరుకు కొట్టే పనికి పోవడమే అంటున్నాడు. ఆయన మోకాళ్లు నీకు తెలుసు.

ఆ కాగితంలో "పిలక" అనే మాట నాకు నచ్చింది. ఒక్క మొక్క తన పక్కనే మళ్లీ తానే పుట్టడం. చోటిస్తే చాలు, ఒక్కటి గుంపవుతుందట. నేను క్లాసులో కూడా ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను.

నాట్లు అమ్మ జట్టే వేసింది. నేను తాడు పట్టాను. జానెడు దూరానికి ఒక్క మొక్క. అమ్మ నాటుతూ నాటుతూ మాటిమాటికి వెనక్కి చూసుకున్నది. జట్టులో పెద్దది చిన్నవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకొని, "గీ మొక్కలు ఒకదానిమీదొకటి అలిగినయా ఏందే? నడుమ ఎడ్లబండి మలుపుకోవచ్చు" అన్నది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

అప్పుడే వెంకట్రావు మోటార్ సైకిల్ ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన మాటే అంత. "ఏమయ్యా నర్సింలూ, గుత్తకిచ్చావేంటి? నాటినోళ్లు నీకు బాగానే టోపీ పెట్టారే" అని నాయనతో అని నవ్వుకుంటూ పోయాడు. నీకు తెలియనిది కాదు, రోజు కైకిలి కాకుండా మడి మొత్తానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటే, కొన్ని జట్లు తొందరగా ముగించడానికి పలుచగా నాటి వెళ్లిపోతాయి. అటువంటి వాళ్లను దొంగలనే అంటారు. అమ్మ జట్టును ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట అనలేదు. ఆ రోజు ఆమె వంచిన నడుం ఎత్తకుండా విన్నది.

మాట ఆ నవ్వుతో ఆగలేదు. వర్ని బస్సులో పోయేవాళ్లందరికీ కనబడే మడి కదా. నిన్న భిక్యా తన పొలానికి వేరే జట్టును పిలుచుకున్నాడు. ముందు అమ్మ వాళ్లకే చెప్పి ఉంచాడు. అమ్మ సద్ది కట్టుకొని గడప దాకా వచ్చి, కబురు విని, మళ్లీ లోపలికి పోయి ఆ సద్ది విప్పి మాకు పెట్టింది.

ఇంతలో ఈ రోజు ఇది. నాయనకు మొదట వెంకట్రావు మీదే అనుమానం వచ్చింది, పంట చెడగొట్టడానికి చేయించాడని. పటేల్ దగ్గరికి పోయి చెప్పాడు. పటేల్ బాగా నవ్వి, "కైకిలి తీసుకోకుండ నాటిండ్రంటే వాళ్ల కాళ్లు మొక్కురా. గిప్పుడు మడి మడి లెక్క కనబడుతున్నది" అన్నాడట. సావిత్రమ్మ కూడా అట్లాగే ఉంచమన్నదట. నాయన కాగితం మళ్లీ చదవమన్నాడు. చదివాను. గుబురుగా ఉంటే పిలకలు రావని అందులో స్పష్టంగానే ఉంది. అయితే పీకుదామా అన్నాను. ఆయన "ఇగ నాతోని గాదు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ నడుం నొప్పి అని పొద్దంతా లేవలేదు. నేనే వండాను. అన్నం మెత్తబడ్డది. వంక పెట్టడానికి కూడా ఎవరికీ ఓపిక లేనట్టుంది.

అన్నా, మీ ఆఫీసుకు వచ్చే వ్యవసాయం సారును ఒక్క మాట అడుగు. ముదురు నారు, లేత నారు కలిసి ఉంటే ఏమవుతుంది? పీకితే పక్క వేళ్లు కదులుతాయా? ఎన్నాళ్లలోపు పీకాలి? కొత్త పద్ధతి కాగితం మీద ఎంత చక్కగా ఉంటుందో! మన ఊరికి వచ్చేసరికి దానికి ఎంతమంది అడ్డం తగులుతున్నారో అని నాకు విసుగు వస్తున్నది. జవాబు తొందరగా రాయి.

ఇట్లు
నీ చెల్లెలు
సుచరిత

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ లేచి వచ్చి, అన్నకు ఏం రాసినవో చదువు అన్నది. చదివాను. వెంకట్రావు మాట దగ్గర చేట తెచ్చుకొని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. భిక్యా కబురు దగ్గర ఏరడం ఆపింది. ఉత్తరం అయిపోయాక, "గా నారు నేనే నాటిన" అన్నది.

అమ్మా, చిన్నవ్వా, జట్టులో మరికొందరూ కలిసి నాటారట. పటేల్ పొలంలో నాట్లయ్యాక మిగిలి గట్టు మీద పడేసిన నారు కట్టలు తెచ్చారట. వెన్నెల బాగా ఉన్నదట. రోడ్డుకు కనబడేంత మేర నాటి, తెల్లారకముందే ఇల్లు చేరారట. నేను అలిసిపోయి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

పంట పోతుందని తెలియదా అమ్మా అని అడిగాను. తెలియదన్నది. నాటేటప్పుడే ఎందుకు అడగలేదంటే, నా ముఖం చూడకుండా అన్నది:

"గా కాయితం నాయినకు సదివినవ్. పటేలుకు సదివినవ్. నాటేది మేము. మాకెవలు సదివిండ్రు? తాడు చేతికిచ్చి పలుచగ నాటుమంటిరి. పలుచగ నాటుడంటే మాకు తెలిసింది ఒక్కటే, దొంగతనం."

అన్నా, పైన నేను విసుగు అని రాసిన వాక్యం కొట్టివేద్దామనుకున్నాను. అమ్మ అది కూడా విన్నది కాబట్టి అట్లాగే ఉంచాను.

అయితే రేపు పీకుదామా అంటే, ముందు ఆ కాగితంలో ఏముందో తాము వినాలన్నది. మంచిగనిపిస్తే జట్టంతా కలిసి పీకుతారట, రోడ్డు మీద ఎవరు ఆగి అడిగినా ఎందుకు పీకుతున్నారో వాళ్లే చెబుతారట. మంచిగనిపించకపోతే పీకరట. నాయనకు జరిగింది తానే చెబుతానన్నది, ఇప్పుడు లోపల చెబుతున్నది.

రేపు పొద్దున, వాళ్లు కైకిలికి బయలుదేరకముందే, మడి గట్టు మీద అందరికీ కాగితం చదువుతాను. నాయనను కూడా పిలవాలా అని అడిగితే, రమ్మను, అయితే వెనక కూర్చొని వినుమను అన్నది.