ఎర్ర సైకిలెక్కిన పిల్ల

ప్రియమైన అమ్మమ్మకు,

నాన్న నాకు పెద్ద సైకిలు కొన్నాడు. నీలం రంగుది, గేర్లు కూడా ఉన్నాయి. ఎక్కితే ఎదురింటి గోడ అవతల ఏముందో కనిపిస్తోంది. (ఏమీ లేదు. ఒక విరిగిన కుర్చీ ఉంది.) నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ నిన్న దాన్ని చూసి ఏడ్చాను కూడా. ఎందుకో నువ్వే చెప్పాలి.

నా ఎర్ర సైకిలు ఎవరికైనా ఇచ్చేద్దామంటోంది అమ్మ. మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతున్న మాట నిజమే. అయినా అది నాది. నాన్న సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తుతూ నేర్పాడు. "పట్టుకున్నావా నాన్నా?" అంటే "పట్టుకున్నాను, పట్టుకున్నాను" అన్నాడు. తిరిగి చూస్తే ఎక్కడో గేటు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు! పెద్దవాళ్ళంతా ఇంతే అమ్మమ్మా, చెప్పకుండా వదిలేస్తారు. ఇప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా చెయ్యి పట్టుకోవట్లేదు. "పన్నెండేళ్ళొస్తున్నాయి, ఇంకా ఏంటే?" అంటాడు. అదే సినిమాకి ఒక్కదాన్నే వెళ్తానంటే "ఇంకా చిన్నపిల్లవి" అంటాడు. ఏదో ఒకటి తేల్చుకోమని నువ్వైనా చెప్పు.

నీ పిడుగు

ఫిబ్రవరి 9

చిరంజీవి పిడుగుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తేదీ వేయలేదు. ముప్ఫై ఏళ్ళు ఆడిటు ఆఫీసులో పనిచేసినదాన్ని, తేదీ లేని కాగితం చదవడం నాకు అలవాటు లేదు. అయినా చదివాను.

సంతోషమూ ఏడుపూ ఒకేసారి రావడం తప్పేమీ కాదు. పద్దు పుస్తకంలో జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు ఉంటాయి. ఒక్కవైపే నిండిన పేజీ చూస్తే నాకు అనుమానం వస్తుంది.

ఇక సైకిలు. మనకు సరిపోనిదాన్ని పట్టుకుని కూర్చుంటే అది తుప్పు పడుతుంది. దానికి సరిపోయే మనిషి ఇక్కడ ఉంది. బస్సు మీద వేసి పంపమని మీ అమ్మకు చెప్పు. ఎవరని అడగకు.

పాలు తాగుతున్నావా?

ఇట్లు,
అమ్మమ్మ

అమ్మమ్మకు,

("ప్రియమైన" అని రాయట్లేదు. కోపంగా ఉన్నాను.)

తేదీ: ఆదివారం. సైకిలు పంపాం. బస్సు మీదకి ఎక్కిస్తుంటే దాని గంట దానంతటదే ఒకసారి మోగింది. నాన్న కూడా అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు, దుమ్మంట. ఆ గంట బిగుసుకుపోతుంది. బొటనవేలితో కాదు, అరచేత్తో కొట్టాలని ఆ పిల్లకి చెప్పు.

అసలు ఎవరు ఆ పిల్ల? రోజూ మీ ఇంటికొస్తుందా? దానికీ తల దువ్వుతావా? బాగా తొక్కుతోందా? బాగా తొక్కట్లేదని రాస్తే సంతోషిస్తాను.

పిడుగు
("నీ" కూడా తీసేశాను.)

మార్చి 2

చిరంజీవి పిడుగుకు ఆశీస్సులు.

"ఆదివారం" తేదీ కాదు. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు వస్తాయి.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. ఆ పిల్ల రావడం కాదు, ఈ ఇంట్లోనే ఉంటుంది. తల నేనే దువ్వుతాను. నా కంచంలోనే తింటుంది. బాగా తొక్కదు, సంతోషించు. మొదటి రోజు కరెంటు స్తంభాన్ని గుద్దింది. రెండో రోజు కూరగాయలావిడ బుట్టలోకి పోయింది. "ఇది రోడ్డా, మీ పెరడా?" అని ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చితికిన టమాటాలన్నీ నేనే కొన్నాను. పడినవి ఖర్చు, లేచినవి జమ అని రాస్తున్నాను. ఇప్పటివరకు లెక్క సరితూగింది.

మొండిది, ఎవరి మాటా వినదు. నేరుగా పోగలదు. మలుపు వస్తే మాత్రం దిగి, సైకిలును తిప్పి, మళ్ళీ ఎక్కుతుంది. వెనక నుంచి సీటు పట్టుకునే మనిషి లేకపోవడమే కారణమని నా అభిప్రాయం.

ఇట్లు,
అమ్మమ్మ

మార్చి 16, ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర (చాలా?)

అమ్మమ్మా!

నీ కంచంలో తింటుందా? నేను రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఏమైందని అమ్మ అడిగితే నీ ఉత్తరం చూపించాను. చదివి నవ్వడం మొదలుపెట్టింది, ఇప్పటికీ ఆపట్లేదు. "మీ అమ్మమ్మ అబద్ధం రాయదే, మళ్ళీ చదువు" అంటోంది. ఇందులో నవ్వడానికేముంది?

ఒక్కటే చెప్పు. నేను పెద్దదాన్నయ్యానని నా చోట్లోకి ఇంకో చిన్నదాన్ని తెచ్చుకున్నావా?

పిడుగు

మార్చి 23

చిరంజీవి పిడుగుకు ఆశీస్సులు.

చిన్నదాన్ని తెచ్చుకోలేదు. ఆ పిల్లకు అరవై ఎనిమిదేళ్ళు. కళ్ళద్దాలు పెట్టుకుంటుంది. ఈ వీధిలో దానికంటే పొట్టిది పోస్టు డబ్బా ఒక్కటే. అందుకే నీ సైకిలు అతికినట్టు సరిపోయింది.

నీ వయసులో నేను మా అన్నయ్య సైకిలు మీద తొక్కడం నేర్చుకుంటానంటే "పెద్దదానివయ్యావు, ఇప్పుడేం సైకిలు?" అన్నారు. ఉద్యోగంలో చేరాక "ఈ వయసులోనా?" అన్నారు. నీ మొదటి ఉత్తరం చదివిన రోజు కూర్చుని లెక్క చూసుకున్నాను. ఆ మాటలన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. అనడానికి మిగిలింది నేనొక్కదాన్నే. నా నోరు నేనే మూయించాను.

నీ చోట్లోకి ఎవరూ రారు. పైగా ఇప్పుడు నాకు చిన్నపిల్ల పనికిరాదు. నా వెనక సీటు పట్టుకుని పరిగెత్తాలంటే పొడుగు కాళ్ళు కావాలి. సెలవులివ్వగానే రా. అన్నం తిని మరీ రా.

ఇట్లు,
అమ్మమ్మ

ప్రియమైన పిడుగుకు,

సెలవులయ్యి నువ్వు బస్సెక్కి ఒక్క రోజే అయింది, ఇల్లు మరీ శుభ్రంగా ఉంది. బాగాలేదు.

ఒక విషయం తేల్చాలి. శనివారం సాయంత్రం గ్రంథాలయం మలుపు దగ్గర "పట్టుకున్నావా?" అని అడిగాను. "పట్టుకున్నాను, పట్టుకున్నాను" అన్నావు. గొంతు ఎందుకంత దూరం నుంచి వస్తోందా అనుకునేలోగా మలుపు తిరిగేశాను. ఆగి చూస్తే నువ్వు ఆ చివర కూరగాయలావిడ పక్కన నిలబడి ఉన్నావు. ఇద్దరూ చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ బుట్ట మాత్రం ముందుజాగ్రత్తగా అరుగు మీద పెట్టుకుంది.

నాతో అంత పచ్చి అబద్ధం ఇంతవరకు ఎవరూ ఆడలేదు. దాన్ని జమ వైపు రాసుకున్నాను. సీటు వదిలాక మీ నాన్న గేటు దగ్గరే ఎందుకు నిలబడిపోయాడో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది.

ఈ ఉదయం ఒక్కదాన్నే గ్రంథాలయానికి వెళ్ళొచ్చాను. మలుపులో దిగలేదు. అవసరం లేకపోయినా గంట కొట్టాను, అరచేత్తోనే.

పైన తేదీ వేయలేదని ఇప్పుడే చూశాను. ఉండనీ.

నీ నీలం సైకిలు కూడా ఎప్పుడో ఒకనాడు నీకు చిన్నదవుతుంది. అప్పుడు ఎవరికీ ఇవ్వకు, నాకే పంపు. అప్పటికి నేనూ ఎదుగుతాను.

నీ
అమ్మమ్మ