నీళ్లలో ముంచిన కొక్కెం

మంగళవారం, మందమర్రి.

పని నిదానమని బొగ్గుబావి కొలిమి నుంచి నన్ను తీసేసిన సంగతి ఇన్నేళ్లయినా మరవలేదు. ఇప్పుడు అక్కడ నా పెద్దకొడుకు మొండయ్య ఉన్నాడు. ఇవాళ చూద్దామని పోతే, బొగ్గు మోసే టబ్బు బండ్లను కలిపే ఉక్కు కొక్కేన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతున్నాడు.

"బూడిదల పెట్టి సల్లారనియ్యిరా. నీళ్లల ముంచితే గట్టిపడ్తది గని పెళుసైతది."

"గట్టిగుంటె మంచిదే గద బాపు. నీ బూడిద సల్లారేదాంక బావి ఆగుతదా?" అని నవ్వాడు.

నీళ్లలోంచి దాన్ని తీసి సుత్తితో ఒక్కటేశాను. కొక్కెం రెండు ముక్కలైంది. విరిగినచోట ఉప్పురవ్వల్లా పలుకులు మెరిశాయి. వాడి నవ్వు ఆగింది.

"గిసొంటియి స్టోరుకు ఎన్ని పంపినవ్?"

విరిగిన ముక్కలను కాలితో పక్కకు నెట్టాడు. స్టోరుకు పోయినవి శుక్రవారం బావిలోకి దిగుతాయి. కొక్కెం విరిగితే టబ్బులు దొర్లేది ఏటవాలు దిగువన పనిచేసే వాడి తమ్ముడి మీదికే. వాటిని వెనక్కి తెప్పిస్తాడా లేదా, గురువారం పొద్దుగూకేలోపు నాకు చెప్పాలని గడువు పెట్టి వచ్చాను.