రెండేసి అంగుళాలు వదిలిన పరుగుబాట

పాఠశాలల క్రీడాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాలుగు వందల మీటర్ల పరుగు జాబితాలో కొట్టివేసిన మా విద్యార్థిని పేరును ఈ సాయంత్రం ఐదు గంటలలోగా తిరిగి చేర్చుట గురించి.

ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో కుట్టు టీచరుగా పనిచేయుచున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా డ్రిల్లు మాస్టారు బదిలీపై వెళ్ళినందున, ఈ ఏటి పోటీలకు పిల్లలను తయారుచేయు బాధ్యత నాకు అప్పగించబడినది. నాకు ఆటలు రావని విన్నవించుకొనగా హెడ్మిస్ట్రెస్ గారు, "మీ దగ్గర టేపుంది కదండీ" అన్నారు. ఈ నియామకమునకు మరే కారణమూ చూపబడలేదు.

2. అయినను నేను వెనుదీయలేదు. కుట్టుగది బెంచీలతో హర్డిల్సు, బట్టల తాను లోపలి అట్టగొట్టంతో రిలే పరుగు మొదలుపెట్టితిని. మొదటి రోజు ఉదయం ఆరు గంటలకు పిల్లలతోపాటు నేనూ ఒక చుట్టు పరుగెత్తితిని. రెండవ రోజు నుండి ఈల ఊదుటకే పరిమితమైతిని.

3. మా తొమ్మిదో తరగతిలో మిడత అని పిలువబడు బాలిక కలదు. కుదురుగా కూర్చోదు కనుక ఆ పేరు. ఆమె నాలుగు వందల మీటర్లను డెబ్బై సెకన్లలో పూర్తిచేసినట్లు తమ కార్యాలయమునకు రాసి పంపితిని. అరవై ఎనిమిది దాటినవారికి ప్రవేశము లేదని పేరు కొట్టివేసితిరి. అడుగుటకు వచ్చిన నాతో తమ హెడ్ గుమాస్తా గారు, "అంతసేపట్లో మా ఫైలు కూడా పక్క టేబులుకి వెళ్ళిపోతుందండీ" అన్నారు. ఇది వాస్తవ విరుద్ధమని సవినయంగా మనవి.

4. మరునాడు మిడత తన బూట్లను నా బీరువాలో పెట్టి, "ఇక పరుగు వద్దు టీచర్, నాకు బొత్తాల కాజాలు కుట్టడం నేర్పండి" అన్నది. అయ్యా, ఆ పిల్ల కుట్టిన కాజాలు తమరు చూడలేదు. ఒక్కోదానిలో బొత్తాముతోపాటు బొటనవేలూ దూరును. పైగా కుదురుగా కూర్చుని కుట్టుచున్నది. అది చూడలేక నాకు అన్నం సహించుట లేదు. లాండ్రీలో ఇస్త్రీ చేయు వాళ్ళమ్మ వచ్చి, "ఆ రెండు సెకన్లూ ఎలాగోలా సర్దలేరా టీచరుగారూ?" అని అడిగినది. దుస్తులలోనైతే సర్దగలను గాని, గడియారంలో ఎట్లు సర్దగలను?

5. ఇట్లుండగా నిన్న ఉదయం మా ప్రహరీ గోడ కట్టుటకు వచ్చిన మేస్త్రి తన పొడవు టేపుతో మా పరుగుబాటను సరదాకు కొలిచి, "ఎవరమ్మా ఇది గీసింది? రెండొందలన్నారు, ఇంకో ఆరున్నర మీటర్లు పైనే ఉంది. ఇలా కడితే మన గోడ పక్కింటి వంటింట్లోకి పోతుంది" అన్నాడు.

6. గీసినది నేనే. మీటరున్నర కుట్టు టేపును నూట ముప్పై మూడుసార్లు పైగా వేసి, వేసిన ప్రతిసారీ రెండు అంగుళాలు అదనంగా వదిలి సుద్దగీత పెట్టితిని. ఎందుకనగా ఎదిగే పిల్లలకు లోపల రెండంగుళాలు వదలకుండా నేను ముప్పై ఏళ్ళలో ఒక్క గౌను కూడా కుట్టలేదు. చేయి దానంతటదే వదిలినది. కావున ఆ పిల్ల రెండు చుట్లలో పరుగెత్తినది నాలుగు వందలు కాదు, నాలుగు వందల పదమూడు. ఆ డెబ్బై సెకన్లు దానికే. ఎంత పని చేశానండీ! పదమూడు మీటర్లు ఎక్కువ పరుగెత్తించి, నెమ్మది అని నేనే రాసి పంపితిని.

7. నిన్న సాయంత్రం మేస్త్రి టేపుతో బాట సరిచేసి, హెడ్మిస్ట్రెస్ గారి ఎదుట మళ్ళీ పరుగెత్తించగా అరవై ఏడున్నర సెకన్లు వచ్చినది. గడియారం పట్టుకున్న హెడ్మిస్ట్రెస్ గారే గంతు వేసినారు. వారి సంతకము కింద కలదు. మేస్త్రి వేలిముద్ర సిమెంటుతో పడినది, మన్నించగలరు.

కావున తమరు చిత్తగించవలెను. అంగుళాల తప్పు పూర్తిగా నాది. నాకు మెమో ఇవ్వండి, సంజాయిషీ అడగండి, ఈల లాక్కోండి. పిల్ల పేరు మాత్రం జాబితాలో ఎక్కించండి.

తమ విధేయురాలు,
కుట్టు టీచరు (తాత్కాలిక డ్రిల్లు మాస్టారు)

తా.క. ఈ కాగితం తమ చేతికిచ్చి ఎదురుగా రొప్పుతూ నిలబడినదే మిడత. బస్సుకు పంపుదామంటే, "వద్దు టీచర్, లేటవుద్ది" అని బీరువా తీసి బూట్లు వేసుకున్నది. ఎండదెబ్బ తగలకుండా కాసిని మంచినీళ్ళు ఇప్పించండి. వెంటనే కూర్చోబెట్టకండి, పిక్కలు పట్టేస్తాయి. మా గేటు దాటిన సమయం కవరు మీద రాశాను, ఒక్కసారి మీ గడియారం చూడండి. మధ్య దూరం మీ గుమాస్తా గారినే అడగండి. అది నేను కొలవలేదు కాబట్టి సరిగ్గానే ఉంటుంది.