రెండు రింగులు

చిక్కడపల్లి
12-7-2011

బిడ్డా సంయుక్తా,

మేము మంచిగున్నం. బిల్లు తగ్గుతదని మీ నాయన పాత ఫోన్ తీసేసి నెట్ ఫోన్ పెట్టిచ్చిండు గద. నీ కంప్యూటర్ల కెల్లి ఎంతసేపు మాట్లాడినా పైస పడదట. ఆదివారం నువ్వు పూణె చేరి ఫోన్ చేస్తె ఎత్తలేదని అలిగినవట. రెండు రింగులంటె క్షేమంగ చేరినట్టని మనం పెట్టుకున్న గుర్తే గద బిడ్డా. రెండు మోగంగనే సంబరపడి చాయ్ పెట్టుకోను పోయిన. మిగతా రింగులు నా చెవులకే ఎక్కలె.

ఇగ తప్పకుంట ఎత్తుత. పొద్దున్నుంచి కరెంటు లేదు, ఫోన్ గూడ నడుస్తలేదు, అందుకే ఈ కార్డు. మామిడికాయ తొక్కు అయిపోయిందా? ఈసారి సీస వాపస్ తే.

ఫ్రీ అయినా సరే, ఎటన్న పోతె ముందుగాల ఆ రెండు రింగులిచ్చి పెట్టెయ్యి. తర్వాత మళ్ల చేసి మాట్లాడు. అవి వింటెనే నాకు ముద్ద దిగుతది.

సల్లగుండు బిడ్డా.
మీ అమ్మ